పార్కులోని టెన్నిస్ కోర్టుకు కొత్త పూత: నీటి పరీక్ష నుంచి రోజువారీ ఊడ్పు దాకా

కాలనీ సంక్షేమ సంఘాల వారు, పార్కుల పర్యవేక్షకులు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటే: రంగు వేయించి రెండేళ్లు కాకముందే కోర్టు పొరలు లేచిపోతోంది, పాత పగుళ్లు పాత చోటనే తేలుతున్నాయి, ఈసారి పని సరిగ్గా ఎలా చేయించాలి? హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లోని పార్కుల్లో సర్వసాధారణంగా కనిపించే గట్టి కోర్టులను, అంటే తారు లేదా కాంక్రీటు పునాది మీద ఆక్రిలిక్ పూత ఉన్నవాటిని దృష్టిలో ఉంచుకొని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. మట్టి కోర్టుల పద్ధతి పూర్తిగా వేరు కనుక వాటి జోలికి పోవడం లేదు.

ఒక్క మాట ముందే చెప్పాలి. పూత మందం మూడు నాలుగు కాగితాలంత ఉంటుంది. అది గుంటను పూడ్చదు, పగులును కుట్టదు, నీరు పారే వాటాన్ని సరిచేయదు. అందువల్ల ఈ వ్యాసంలో సగానికి పైగా రంగు డబ్బా మూత తీయకముందు చేయవలసిన పనులే కనిపిస్తాయి.

1. కోర్టు కింద ఏముందో తెలుసుకోండి

పూత లేచిన చోట అంచును గీరి చూడండి. నల్లగా, కంకర కనిపిస్తే తారు. బూడిద రంగులో గట్టిగా ఉంటే కాంక్రీటు. పూత బాగానే ఉంటే కోర్టు పక్క అంచును మట్టి తీసి చూస్తే తెలుస్తుంది. ఈ తేడా తెలియకుండా సరుకు కొనకూడదు, ఎందుకంటే కాంక్రీటుకు ప్రైమర్ (పూత అంటుకోవడానికి ముందుగా వేసే అడుగు పొర) తప్పనిసరి, తారుకు సాధారణంగా అవసరం లేదు.

కాంక్రీటు అయితే తేమ పరీక్ష కూడా చేయాలి. సుమారు 45 సెంటీమీటర్ల చదరపు పాలిథిన్ షీటును నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించి, కనీసం 16 గంటలు వదిలేయాలి. తీసినప్పుడు షీటు లోపలి వైపు నీటి బిందువులు ఉన్నా, కింది కాంక్రీటు రంగు ముదిరినా నేల లోంచి తేమ పైకి వస్తోందని అర్థం. ఆ స్థితిలో ఎంత ఖరీదైన పూత వేసినా బుడగలు లేస్తాయి. ముందుగా చుట్టూ ఉన్న నీటి పారుదలను, ముఖ్యంగా కంచె పక్కనే పచ్చికకు పెట్టిన స్ప్రింక్లర్లను సరిచూడాలి.

2. నీళ్లు పోసి చూడండి

ఇది ఖర్చులేని పరీక్ష, అయినా ఎక్కువమంది చేయని పరీక్ష. ట్యాంకరు నీటితోనో పైపుతోనో కోర్టునంతా తడిపి, ఎండ తగిలే ఉదయం వేళ ఒక గంట వేచి ఉండండి. అప్పటికీ నీరు నిలిచిన ప్రతి గుంట చుట్టూ సుద్దతో గీత గీయండి. గుంటలో నీటి లోతు 1.6 మిల్లీమీటర్లకు, అంటే దాదాపు ఒక రూపాయి బిళ్ల మందానికి మించితే దాన్ని పూడ్చవలసిందే. నడివేసవిలో ఈ పరీక్ష చేస్తే నీరు పారకుండానే ఆవిరైపోయి తప్పుడు ధైర్యం కలిగిస్తుంది.

గుంటలు అక్కడక్కడ ఉంటే మరమ్మతు చాలు. నీరు కోర్టు మధ్యకు, నెట్టు వైపుకు చేరుతుంటే వాటమే తప్పని గ్రహించాలి. గట్టి కోర్టుకు వాటం ఒకే దిక్కుకు, వీలైతే ఒక పక్క నుంచి మరో పక్కకు, 100కు 1 చొప్పున ఉండాలి. కంచె లోపలి మొత్తం విస్తీర్ణాన్ని 36.57 మీటర్ల పొడవు, 18.29 మీటర్ల వెడల్పుగా తీసుకుంటే, ఒక పక్కకూ మరో పక్కకూ సుమారు 18 సెంటీమీటర్ల ఎత్తు తేడా రావాలి. రెండు పక్కలా దారం కట్టి, నీటి గొట్టంతో మట్టం చూస్తే గంటలో తేలిపోతుంది.

వాటం తప్పిన కోర్టుకు పూత వేయించడం డబ్బు పారబోయడమే. పైన కొత్త తారు పొర వేయించడమో, పునాది నుంచి మళ్లీ కట్టించడమో చేయాలి. ఆ మాట సంఘానికి చెప్పడం కష్టమే గాని, రెండేళ్ల తర్వాత సంజాయిషీ చెప్పుకోవడం కంటే నయం.

3. పగుళ్లను చూసి నిర్ణయం తీసుకోండి

పగుళ్లన్నీ ఒకటి కావు. వెంట్రుక వాసి పగుళ్లు పాత పూతలోనే ఉంటాయి, వాటికి భయపడనక్కరలేదు. ఎండిన చెరువులో నెర్రెల్లా అల్లుకున్న పగుళ్లు తారు ముసలిదైపోయిందని చెబుతాయి. అవి కోర్టులో పెద్ద భాగం ఆక్రమిస్తే పూతతో పని జరగదు. పొడవుగా, ఒక అంచు నుంచి మరో అంచుకు సాగే పగుళ్లు పునాది కదలిక వల్ల వస్తాయి.

నల్లరేగడి నేలల్లో ఈ చివరి రకం ఎక్కువ. వానాకాలంలో నేల ఉబ్బి, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది కాబట్టి పగులు కూడా ఏటా తెరుచుకొని మూసుకుంటూ ఉంటుంది. దాన్ని గట్టి సరుకుతో నింపితే మరుసటి వేసవికే పక్కన కొత్త పగులు పుడుతుంది. అటువంటి పగులు పూర్తిగా పోతుందని ఏ కాంట్రాక్టరైనా హామీ ఇస్తే ఆ హామీని కాగితం మీద రాయించుకోండి.

కోర్టు అంచు పక్కనే రావి, మర్రి, నిద్రగన్నేరు వంటి చెట్లు ఉంటే వేర్ల సంగతి చూడాలి. చెట్టుకూ కోర్టుకూ మధ్య కందకం తవ్వి, వేరును అడ్డుకునే మందపాటి షీటును నిలువుగా పాతడం సరైన మార్గం. ఉద్యానశాఖ వారిని అడగకుండా పెద్ద వేర్లు నరికితే గాలివానకు చెట్టే కోర్టు మీద పడవచ్చు. చెట్టునే కొట్టేద్దామనుకునే వారు 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ప్రకారం అనుమతి కావాలన్న సంగతి మరువకూడదు.

4. కాలం, కొలత, సరుకు

తెలంగాణలో నవంబరు నడిమి నుంచి ఫిబ్రవరి చివరి దాకా అనువైన కాలం. కోస్తాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల బెడద ఉంటుంది కాబట్టి జనవరి నుంచి మార్చి వరకు పెట్టుకోవడం మేలు. నేల, గాలి రెండూ 10 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఉండాలి. మన మైదాన ప్రాంతాల్లో అది సమస్య కాదు. అసలు సమస్య రెండు చివర్లలో ఉంది: శీతకాలపు ఉదయం మంచు, ఏప్రిల్ మధ్యాహ్నపు మంట. మంచు తడి మీద వేసిన పొర అంటుకోదు, కాలే నేల మీద వేసిన పొర పైన ఎండి కింద పచ్చిగా మిగులుతుంది.

ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు నిధులు ఖర్చు చేయాలని టెండరును మార్చిలో తేల్చి, పనిని మేలో చేయించడం అన్నిచోట్లా జరిగేదే. అలా చేయక తప్పకపోతే తెల్లవారుజామున మొదలుపెట్టి ఉదయం తొమ్మిదింటికల్లా ఆపేయాలని ఒప్పందంలోనే రాయండి.

ఒక కోర్టు మొత్తం విస్తీర్ణం సుమారు 669 చదరపు మీటర్లు. అందులో గీతల లోపలి భాగం 261, బయటి భాగం 408 చదరపు మీటర్లు. రెండు రంగులు వాడేటప్పుడు ఈ అంకెలతోనే సరుకు లెక్క వేయాలి. చదరపు మీటరుకు ఎంత సరుకు పడుతుందో ఆయా కంపెనీ ఇచ్చే సాంకేతిక పత్రంలో ఉంటుంది; దాన్ని పొరల సంఖ్యతో గుణించి, వృథా కింద కొంత కలపండి.

పని మొదలయ్యే ముందు చూసుకోవలసినవి:

- పగుళ్లు, గుంటలు, పూత, గీతలు అంచనాలో విడివిడి పద్దులుగా ఉన్నాయా?
- డ్రమ్ములు సీలు విప్పకుండా పార్కుకే వచ్చాయా? తయారీ తేదీలు చూశారా?
- ఇసుక కడిగి ఆరబెట్టిన సిలికా ఇసుకేనా? 60–80 మెష్ (జల్లెడ కొలత) సన్నదనం సాధారణంగా సరిపోతుంది. ఉప్పు ఉండే సముద్రపు ఇసుక, మట్టి కలిసిన ఏటి ఇసుక వద్దు.
- మంచి నీరు అందుబాటులో ఉందా?
- పని జరిగే రోజుల్లో గేటుకు తాళం, రాత్రి కాపలా ఏర్పాటయ్యాయా?

చివరి అంశాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నేను చూసిన ఒక పార్కులో ఆఖరి పొర వేసిన సాయంత్రం కంచె కింది సందులోంచి వీధికుక్క దూరి బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) వెంబడి తీరిగ్గా నడిచి వెళ్లింది. ఆ అడుగులు తర్వాతి పూత దాకా అలాగే ఉన్నాయి.

5. శుభ్రం చేయడం

నెట్టు విప్పి, స్తంభాల గొట్టాల్లో గుడ్డ కుక్కండి. ముందుగా ఊడ్చి, లేచిన పూతనంతా గీకుడు పారతో తీసేయండి. చేత్తో లాగితే ఊడివచ్చే పొరను ఏదీ వదలకూడదు, ఎందుకంటే కొత్త పూత ఎండేటప్పుడు బిగుసుకొని పాత పొరను లాగేస్తుంది.

పాకుడు పట్టిన చోట బ్లీచింగ్ ద్రావణం చల్లి, పది పదిహేను నిమిషాలు ఉంచి, గట్టి బ్రష్షుతో రుద్ది కడగాలి. పాకుడును చంపకుండా నీటి ఒత్తిడితో కొట్టి వదిలేస్తే పూత కింద మళ్లీ మొలుస్తుంది. గడ్డికోత యంత్రం నుంచి కారిన పెట్రోలు, ఆయిలు మరకలు ఉంటే సబ్బు ద్రావణంతో తొలగించాలి. తారు మీద పెట్రోలు పడి మెత్తబడిన చోటును కోసి తీసి కొత్త తారు నింపడమే దారి.

కొత్తగా పోసిన కాంక్రీటుకు 28 రోజుల క్యూరింగ్ (తడిగా ఉంచి గట్టిపడనివ్వడం) పూర్తి కావాలి, అదీ నీళ్లతోనే. పైన చల్లే క్యూరింగ్ రసాయనాలు వాడితే పూత అంటదు. ఆ తర్వాత పలుచని ఆమ్లంతో కడిగి ఉపరితలాన్ని కాస్త గరుకు చేసి, పుష్కలంగా నీళ్లు పోసి కడిగేయాలి. ఆమ్లాన్నే నీటిలో పోయాలి గాని నీటిని ఆమ్లంలో పోయకూడదు. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా పనివారిని దింపకూడదు. కొత్త తారు అయితే కనీసం రెండు వారాలు, వీలైతే నాలుగు వారాలు ఆగాలి.

6. పగుళ్లు నింపడం, గుంటలు పూడ్చడం

పగులులోని మట్టి, గడ్డి వేర్లు, పాత పూత ముక్కలు అన్నీ కొక్కెం లాంటి పనిముట్టుతో లాగి, గాలి కొట్టి ఖాళీ చేయాలి. లోతైన పగులును అడుగున పొడి ఇసుకతో కొంత నింపి, పైభాగంలో ఆక్రిలిక్ ఫిల్లరు కూరాలి. ఫిల్లరు ఎండాక కుంగుతుంది కనుక మరునాడు రెండోసారి నింపాలి. ఒకేసారి పొంగేలా నింపి చదును చేయడం తొందర పని. ఎండాక అక్కడ గాడి మిగిలిపోతుంది.

కదిలే పగుళ్ల మీద సాగే గుణమున్న బట్ట పట్టీ పద్ధతి వాడవచ్చు. నింపిన పగులు మీద మొదట అంటుకోని పట్టీ, దాని మీద వెడల్పాటి అల్లిక బట్ట వేసి, బట్ట అంచులను మాత్రమే కోర్టుకు అతికిస్తారు. కింద పగులు కదిలినా పైన బట్ట సాగుతుంది. దీనికి ఖర్చు ఎక్కువ గనుక, ఆట సాగే చోట ఉన్న పెద్ద పగుళ్లకే పరిమితం చేయడం నా సలహా. కంచె పక్కనున్న పగులుకు మామూలు ఫిల్లరు చాలు. కాంక్రీటులో కావాలని వదిలిన జాయింట్లను గట్టి సరుకుతో మూయకుండా సాగే పాలియురేథేన్ సీలెంటుతోనే నింపాలి.

గుంటల విషయానికి వస్తే, సుద్ద గీతలు ఇక్కడ పనికొస్తాయి. ఆక్రిలిక్ బైండరు (ఇసుకను పట్టి ఉంచే జిగురు ద్రవం), సిలికా ఇసుక, సిమెంటు కలిపిన ముద్దను వాడతారు. ఉదాహరణకు 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు, సగటున 3 మిల్లీమీటర్ల లోతు ఉన్న గుంటకు 9 లీటర్ల ముద్ద పడుతుంది. ఈ లెక్క వేయకపోతే మధ్యలో సరుకు చాలక రెండో విడత కలపవలసి వస్తుంది, అతుకు కనిపిస్తుంది.

గుంట పూడ్చే క్రమం:

- సుద్ద గీత లోపలా, చుట్టూ ఒక బెత్తెడు వెడల్పునా పలుచని బైండరు పూయండి.
- అది చేతికి బంకగా తగులుతున్నప్పుడే ముద్ద పోయండి.
- గుంట కంటే పొడవైన అల్యూమినియం పట్టీతో, రెండు చివరలూ గట్టి నేల మీద ఆనేలా లాగండి.
- లోతు ఎక్కువైతే రెండు మూడు పొరలుగా వేయండి. ప్రతి పొరా ఎండాకే తర్వాతిది.
- అంచులను రాయితో అరగదీసి, చేతితో తడిమితే మెట్టు తగలకుండా చేయండి.
- మళ్లీ నీళ్లు పోసి చూడండి.

ఆఖరి అంశమే ఈ పనికి పరీక్ష. రెండోసారి నీళ్లు పోయకుండా పూత మొదలుపెట్టనివ్వవద్దు.

7. పొరలు వేయడం

క్రమం ఇది: కాంక్రీటు అయితే ప్రైమర్; ఆ తర్వాత ఇసుక కలిపిన రీసర్ఫేసర్ (నేలలోని రంధ్రాలు నింపే పూత) ఒకటి లేదా రెండు పొరలు; ఆపైన రంగు కనీసం రెండు పొరలు, రద్దీ ఉండే పార్కుల్లో మూడు. బాగా అరిగి గరుకు తేలిన తారుకు రీసర్ఫేసర్ రెండు పొరలు వేయకపోతే రంగు పొరలన్నీ రంధ్రాల్లోకే పోతాయి.

కలిపే చోట ఒక మనిషి పూర్తిగా ఆ పనికే ఉండాలి. ఇసుక డ్రమ్ము అడుగుకు దిగిపోతుంది కాబట్టి మిక్సరుతో మధ్యమధ్య కలుపుతూనే ఉండాలి. నీటిని కొలిచి పోయాలి. మధ్యాహ్నం ఎండకు సరుకు చిక్కబడిందని బకెట్లతో నీళ్లు గుమ్మరించడం పార్కు పనుల్లో నేను ఎక్కువగా చూసిన తప్పు. అలా పలుచబడిన పూత వేళ్లకు పొడిలా అంటుకుంటుంది, మొదటి వానాకాలంలోనే వెలిసిపోతుంది.

సరుకును కోర్టు ఒక అంచున గట్టులా పోసి, సుమారు 75 సెంటీమీటర్ల మెత్తటి రబ్బరు స్క్వీజీతో (పొడవాటి పిడికి బిగించిన రబ్బరు పట్టీతో) లాగాలి. ఇద్దరు ముగ్గురు ఒకరి వెనుక ఒకరు, నాట్లు వేసే వారిలా, ముందు వారి అంచు తడి ఆరకముందే దాన్ని కలుపుకొంటూ సాగాలి. మధ్యలో టీ కోసం ఆగితే ఆ చోట అడ్డగీత పడుతుంది. ఆగాలంటే గీత వచ్చే చోటనో, కోర్టు చివరనో ఆగాలి. మొదటి పొర అడ్డంగా వేస్తే తర్వాతి పొర నిలువుగా వేయాలి. స్క్వీజీ చివర నుంచి జారిన సరుకు గట్లు కట్టకుండా వెంటనే లాగేయాలి. ఎండిన గట్లను మరుసటి పొరకు ముందు గీకి తీయాలి.

పొరకూ పొరకూ మధ్య పూర్తిగా ఆరనివ్వాలి. బొటనవేలుతో గట్టిగా నొక్కి తిప్పితే పూత కదలకూడదు. నీడ పడే మూలలు ఆలస్యంగా ఆరుతాయి కాబట్టి పరీక్ష అక్కడే చేయాలి.

కోర్టు వేగం రంగులో కలిపే ఇసుకను బట్టి ఉంటుంది: ఇసుక ముతకగా, ఎక్కువగా ఉంటే బంతి నెమ్మదిస్తుంది. పిల్లలు, పెద్దలు, కొత్తగా నేర్చుకునేవారు ఆడే పార్కుకు మధ్యస్థం నుంచి నెమ్మది వేగమే తగినది. ఆఖరి పొరలో ఇసుక తగ్గించి నునుపుగా, మెరిసేలా చేయించుకోవద్దు. వాన తడికి జారి పడతారు.

ప్రతి పొర తర్వాతా ఫొటో తీసి, ఖాళీ అయిన డ్రమ్ములు లెక్కపెట్టి, కొలతల పుస్తకంలో రాయించండి. మూడు పొరలు వేశారో రెండే వేశారో పని ముగిశాక చూసి చెప్పగలవారు అరుదు.

8. గీతలు

ఆఖరి రంగు పొర వేశాక కనీసం ఒక రోజు ఆగండి. కొలతలు గీతల బయటి అంచు వరకు తీసుకోవాలి.

- పొడవు 23.77 మీటర్లు, డబుల్స్ వెడల్పు 10.97, సింగిల్స్ 8.23 మీటర్లు
- నెట్టు నుంచి సర్వీస్ గీతకు 6.40 మీటర్లు
- మధ్య సర్వీస్ గీత వెడల్పు 5 సెంటీమీటర్లు. బేస్‌లైన్ 10 సెంటీమీటర్ల వరకు ఉండవచ్చు. మిగతావి రెండున్నర నుంచి 5 సెంటీమీటర్ల మధ్య
- బేస్‌లైన్ మధ్య గుర్తు 10 సెంటీమీటర్ల పొడవు

మూలమట్టం సరిగ్గా ఉందో లేదో మూలల నుంచి మూలలకు టేపు పెట్టి చూడాలి. డబుల్స్ కోర్టు మొత్తానికి ఎదురు మూలల దూరం 26.18 మీటర్లు, నెట్టు నుంచి ఒక సగానికి 16.17 మీటర్లు రావాలి. రెండు వైపులా ఒకే అంకె రాకపోతే దారం మళ్లీ కట్టాలి. పాత గీతల మీదే గీయడం సులువనిపిస్తుంది గాని, పాతవే వంకరగా ఉన్న కోర్టులు తక్కువేమీ కావు.

మాస్కింగ్ టేపు అంటించాక అంచును వేలితో నొక్కి, టేపు అంచున లైన్ ప్రైమర్ పూసి, ఆరాక తెల్లరంగు వేయండి. ప్రైమర్ లేకపోతే గరుకు నేలలోని సందుల్లోంచి తెలుపు పాకి, గీత అంచు రంపపు పళ్లలా కనిపిస్తుంది. ఇళ్లకు వేసే ఎనామెల్ వాడవద్దు, జారుతుంది, పెచ్చులూడుతుంది.

ఆట మొదలుపెట్టే ముందు మూడు రోజులు ఆగితే మంచిది, చలికాలంలో వారం.

9. నెట్టు

మధ్యలో 91.4 సెంటీమీటర్లు, స్తంభాల వద్ద 107 సెంటీమీటర్ల ఎత్తు. మధ్య పట్టీ లేకుండా తీగను బిగించి ఎత్తు తెప్పించాలని చూస్తే స్తంభాలు లోపలికి వంగి, వాటి మొదట్లో కోర్టు పగులుతుంది. రాత్రిపూట తీగను కాస్త వదులు చేయడం వాచ్‌మన్‌కు అలవాటు చేయండి.

10. తర్వాత బయటపడే లోపాలు

బుడగలు లేస్తే కోసి చూడండి. కింద తడి ఉంటే కారణం నేల తేమ. పొడిగా, దుమ్ముగా ఉంటే సరిగా కడగలేదన్నమాట. మొదటిదానికి పారుదల సరిచేయాలి, రెండోదానికి ఆ మేర గీకి మళ్లీ పూయాలి. పొర ఏ పొర మీద నుంచి లేచిందో చూడటం కూడా ముఖ్యం: పాత పూతతో సహా ఊడితే గీకుడు పని ఎగ్గొట్టారని తెలుస్తుంది.

రంగు ఛాయలు అతుకులుగా కనిపిస్తే కారణం వేర్వేరు విడతల సరుకు లేదా నీటి తేడా. ఆటకు ఇబ్బంది లేదు. పూర్తి పొర ఒకటి వేస్తే గాని పోదు, మచ్చలు దిద్దితే మరింత కనిపిస్తాయి.

11. నిర్వహణ

సరిగ్గా వేసిన పూత నాలుగు నుంచి ఎనిమిదేళ్లు నిలుస్తుంది. ఈ తేడాకు కారణం ఎక్కువగా రోజువారీ పనే.

రోజూ: మెత్తటి చీపురుతో ఊడ్చాలి. కోర్టు మీదకు కొమ్మలు వంగిన నేరేడు చెట్టు ఉంటే కాయల కాలంలో రెండు పూటలా. పండు నలిగాక మరక వదలదు. వాన వెలిశాక నిలిచిన నీటిని స్పాంజి రోలరుతో తోయాలి.

వారానికోసారి: నీళ్లతో కడిగి, కంచె మూలల్లో పేరుకున్న ఆకులు, మట్టి తీయాలి. పాకుడు మొదలయ్యేది అక్కడే.

వానాకాలానికి ముందు, తర్వాత: చుట్టూ ఉన్న కాలువ పూడిక తీయాలి. కోర్టు అంచు కంటే బయటి మట్టి ఎత్తుగా పెరిగితే చెక్కేయాలి. కొత్త పగుళ్లు సన్నగా ఉన్నప్పుడే నింపాలి.

నిషేధాల బోర్డులో ఇవి ఉండాలి: మరకలు పడే నల్ల అడుగుల బూట్లు, సైకిళ్లు, స్కేట్లు, వికెట్లు పాతి క్రికెట్, దీపావళి టపాసులు. పండగలకు, పెళ్లిళ్లకు షామియానా మేకులు దిగగొట్టడం, ఇటుకల పొయ్యిలు పెట్టడం కోర్టును ఒక్క రాత్రిలో పాడుచేస్తాయి. బోర్డు ఒక్కటే వాటిని ఆపలేదు కాబట్టి కోర్టు తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో, ఎవరి సంతకంతో ఇవ్వాలో రాతపూర్వకంగా తేల్చుకోండి. గడ్డికోత యంత్రంలో పెట్రోలు నింపే చోటును కోర్టుకు దూరంగా గుర్తించి, తోటమాలికి చూపించండి.